స్ట్రాంగ్ హైబ్రిడ్ కార్లు: లోపల చోటు, సీట్లు, మళ్లీ అమ్మితే వచ్చే ధర

పెట్రోల్‌బిల్లు, ఖమ్మం:
అందరికీ నమస్కారం. ఇంట్లో నలుగురం, పండగలకి ఆరుగురం అవుతాం. వాళ్లలో ఇద్దరు డెబ్బై దాటినవాళ్లు. తిరిగేది ఎక్కువగా ఊళ్లోనే, నెలకోసారి హైదరాబాద్. టయోటా ఇన్నోవా హైక్రాస్, మారుతి గ్రాండ్ విటారా, హోండా సిటీ హైబ్రిడ్ చూస్తున్నాను. మైలేజీ గురించి యూట్యూబులో కావలసినంత ఉంది. లోపల కూర్చునేవాళ్ల సంగతి ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. సీట్లు, డిక్కీ, ఎండాకాలం ఏసీ, ఐదారేళ్ల తర్వాత అమ్మితే గిరాకీ... వాడుతున్నవాళ్లు చెప్పండి.

హైక్రాస్_గుంటూరు:
ముందు ఒక్క సంగతి చూసుకోండి. స్ట్రాంగ్ హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజిన్‌కి తోడు, కొంతసేపు బండిని ఒంటరిగానే నడిపే మోటారు, దానికి పెద్ద బ్యాటరీ ఉన్న కారు. ఆ బ్యాటరీని ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టే లోపల చోటు ఉంటుంది. హైక్రాస్‌లో అది ముందు సీట్ల కింద ఉంది. నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం. అందువల్ల డిక్కీకి గానీ మూడో వరుసకి గానీ కోత పడలేదు. మూడో వరుస లేపి ఉంటే డిక్కీ 300 లీటర్లు, మడిస్తే 991. మూడో వరుస 50:50గా మడుస్తుంది కాబట్టి ఐదుగురు కూర్చుని పెద్ద సూట్‌కేసులు పెట్టుకోవచ్చు.

పెద్దవాళ్లు ఎక్కడం గురించి: పాత ఇన్నోవా క్రిస్టా లారీలా ఛాసిస్ మీద కట్టిన బండి, అందుకే నేల ఎత్తు. హైక్రాస్ మోనోకాక్ (విడిగా ఛాసిస్ లేకుండా బాడీయే ఆధారం), ఫ్రంట్ వీల్ డ్రైవ్. నేల కిందికి ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పట్టుకునే పిడి ఆసరాతో నేరుగా కూర్చోగలరు. పై మోడల్ జెడ్ఎక్స్‌లో రెండో వరుసకి కాళ్లు చాపుకునే ఒట్టోమాన్ సీట్లు వస్తాయి. వాటిని పూర్తిగా వెనక్కి జరిపితే మూడో వరుసలో మోకాళ్లకి చోటుండదు. ఆరుగురు వెళ్లే రోజున ఒట్టోమాన్ వాడలేరనే లెక్కేసుకోండి. ఎనిమిది సీట్లు కావాలంటే దాని కింది మోడల్ వీఎక్స్ దగ్గరే ఆగాలి, జెడ్ఎక్స్ ఏడు సీట్లలోనే ఉంది.

నచ్చనివి కూడా చెప్పాలి. ముప్పై లక్షలు దాటిన బండికి డాష్‌బోర్డు కింది భాగం, డోర్ ప్యాడ్లు గట్టి ప్లాస్టిక్. పది అంగుళాల స్క్రీన్ పెద్దదే గానీ మెనూలు పాతగా ఉంటాయి. ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ ఒకే స్థాయిలో గీపెడుతుంది. అది ఈ-సీవీటీ (మెట్లు మెట్లుగా గేర్లు మార్చని ఆటోమేటిక్) తీరు, లోపం కాదు. నిదానంగా తొక్కితే వినపడదు.

విటారా_వరంగల్:
గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ రెండూ లోపల ఒకటే బండి. 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజిన్, మోటారుతో కలిపి 116 పీఎస్. ఈ కారులో బ్యాటరీ లిథియం అయాన్, 0.76 కిలోవాట్ అవర్, డిక్కీ నేల కింద ఉంటుంది. దెబ్బ పడింది అక్కడే. మైల్డ్ హైబ్రిడ్ (మోటారు ఇంజిన్‌కి కొద్దిపాటి సాయం మాత్రమే చేసే రకం) డిక్కీ 373 లీటర్లు, స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో 265 దగ్గరికి వచ్చేసింది. నేల పైకి లేచి ఉంటుంది కాబట్టి సూట్‌కేసు నిలబెడితే పార్సిల్ ట్రేకి తగులుతుంది. మెత్తటి బ్యాగులైతే సర్దుకోవచ్చు. నలుగురు మూడు రోజుల పెళ్లికి బయల్దేరితే ఒక బ్యాగు వెనక సీటు మీదికి వచ్చి తీరుతుంది.

లోపలి హంగులకి మాత్రం వంక పెట్టలేను. ముందు సీట్లకి గాలి ఆడే వెంటిలేషన్, పనోరమిక్ సన్‌రూఫ్, వేగం కళ్ల ఎదుటే చూపే హెడ్-అప్ డిస్‌ప్లే, 360 కెమెరా. డాష్ మీద మెత్తటి పొర ఉంది. విటారా నలుపు మీద బంగారు ఛాయ, హైరైడర్ నలుపు, గోధుమ రంగు. మా వైపు దుమ్ముకి గోధుమ రంగే నయం, నలుపు మీద ప్రతి వేలిముద్రా కనపడుతుంది.

సన్‌రూఫ్ కింది తెర పల్చన. ఏప్రిల్, మేలో మిట్టమధ్యాహ్నం తల మీద వేడి తెలుస్తుంది. సన్‌రూఫ్ వల్ల వెనక సీటులో తల మీద ఎడం కూడా తగ్గింది. ఆరడుగుల మనిషిని షోరూంలో వెనక కూర్చోబెట్టకుండా సంతకం పెట్టకండి. వేడికి విరుగుడు ఫోన్ యాప్‌లో ఉంది: స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి దూరం నుంచే ఏసీ వేసే సౌకర్యం ఇచ్చారు. బండి దగ్గరికి వెళ్లే ఐదు నిమిషాల ముందు నొక్కితే చాలు.

సిటీ_మియాపూర్:
సెడాన్ తరఫున నేను. వెనక సీటులో మోకాళ్ల చోటు ఈ మూడింటిలో హైక్రాస్ రెండో వరుస తర్వాత సిటీదే, విటారా కంటే బాగుంటుంది. కానీ బ్యాటరీ, కంట్రోల్ యూనిట్ డిక్కీలోకి వచ్చేశాయి. పెట్రోల్ సిటీకి 506 లీటర్లున్న డిక్కీ హైబ్రిడ్‌లో 306 అయింది. సెడాన్ కొనేవాళ్లలో సగం మంది డిక్కీ కోసమే కొంటారు కదా, అందుకే ఈ కారు అమ్మకాల్లో వెనకబడింది అని నా అభిప్రాయం.

నడక మాత్రం ఈ మూడింటిలో ఇదే సాఫీ. ఊళ్లో చాలావరకు మోటారే చక్రాలు తిప్పుతుంది, ఇంజిన్ కరెంటు తయారు చేస్తుంది. హైవే వేగంలో క్లచ్ కలిసి ఇంజిన్ నేరుగా చక్రాలకి అందుతుంది. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్, బ్రేకు మీంచి కాలు తీసినా బండిని ఆపి ఉంచే ఆటో హోల్డ్ హైబ్రిడ్‌కి ఇచ్చారు. ట్రాఫిక్‌లో ఆటో హోల్డ్ విలువ వాడితేనే తెలుస్తుంది.

పెద్దవాళ్లకి సిటీ వద్దంటాను. సీటు కిందికి ఉంటుంది, దిగేటప్పుడు మోకాళ్ల మీద బరువంతా పడుతుంది. లేత రంగు సీట్ల మీద కొత్త జీన్స్ నీలం అంటుకుంటుంది. వెంటనే తడి మైక్రోఫైబర్ గుడ్డ, సబ్బు నీటి నురుగుతో తుడిస్తే పోతుంది. నెల గడిస్తే పోదు. థిన్నర్, పెట్రోల్ తగలనివ్వకండి, పైపూత లేచిపోతుంది.

సీట్‌కవర్_బెజవాడ:
ఈ పని చేసేవాడిగా మూడు మాటలు. హైబ్రిడ్ కొన్న మర్నాడే ఫుల్ మ్యాటింగ్, సీట్ కవర్లు వేయించేస్తున్నారు. అక్కడే చిక్కులు మొదలవుతున్నాయి.

ఒకటి. పెద్ద బ్యాటరీని గాలితో చల్లబరుస్తారు. ఆ గాలి క్యాబిన్ లోపలి నుంచే వెళుతుంది. దానికి ఒక జాలీ ఉంటుంది, ఓనర్ మాన్యువల్‌లో బొమ్మతో సహా చూపిస్తారు. సెవెన్‌డీ మ్యాట్ సీటు కిందికి తోసి ఆ జాలీ మూసేస్తే బ్యాటరీ వేడెక్కుతుంది. ఫ్యాను రొద పెరుగుతుంది, మోటారు సాయం తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది. చివరికి మీటర్‌లో బ్యాటరీ కూలింగ్ భాగాలు చూపించుకోమని సందేశం వస్తుంది. మ్యాట్ కొలత తీసేటప్పుడే జాలీ చుట్టూ నాలుగు వేళ్ల ఎడం వదలమని చెప్పండి. సీటు కింద గొడుగు, చెప్పుల సంచి, మంచినీళ్ల సీసా పెట్టే అలవాటు మానండి.

రెండు. ముందు సీటు పక్క అంచులో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. కవరు కుట్టు ఆ అంచున పల్చటి దారంతో ఉండాలి, గట్టి నైలాన్ దారంతో డబుల్ కుట్టు వేస్తే బ్యాగు సమయానికి చీల్చుకుని రాలేదు. అనుమానం ఉంటే కవరే వద్దు.

మూడు. వెంటిలేటెడ్ సీటు మీద మామూలు రెగ్జిన్ కవరు వేస్తే అంత డబ్బు పోసి కొన్న సౌకర్యం పోయినట్టే. చిల్లుల రెగ్జిన్ వేసినా కింద ఆరు మిల్లీమీటర్ల ఫోమ్ పెడితే గాలి రాదు. కంపెనీ సీటునే ఉంచి నెలకోసారి శుభ్రం చేసుకోవడం మేలు.

హైక్రాస్_గుంటూరు:
బెజవాడ అన్న చెప్పిన దానికి ఇంకొకటి. అద్దం మీది పసుపు కుంకుమ, వేలాడే దండ, స్టిక్కర్లు. జెడ్ఎక్స్ ఆప్షనల్‌లోనూ సిటీలోనూ అద్దం పైభాగాన కెమెరా ఉంటుంది, లేన్ అసిస్ట్, ఆటో బ్రేకింగ్ దాని మీదే ఆధారపడతాయి. వాహన పూజ రోజు బొట్టు బానెట్ మీద పెట్టించండి, కెమెరా ముందు ఎప్పుడూ వద్దు. డాష్‌క్యామ్ కూడా దాని చూపుకి అడ్డం రాకుండా బిగించాలి. అద్దం పగిలి మారిస్తే కెమెరా కాలిబ్రేషన్ (దాని చూపు సరిచేయడం) చేయించాలి. బయట అద్దాల షాపులో తక్కువకి వేయించుకుని కాలిబ్రేషన్ వదిలేస్తే ఆటో బ్రేకింగ్‌ని నమ్మలేం.

విటారా_వరంగల్:
విటారా హెడ్-అప్ డిస్‌ప్లే డ్రైవర్ ఎదుట డాష్‌లోంచి పైకి లేచే చిన్న అద్దం. దేవుడి బొమ్మ, డాష్ మీద పరిచే వెల్వెట్ గుడ్డ దానికి అడ్డం రాకూడదు. బొమ్మని ఎడమ పక్కకి జరిపితే ఇబ్బంది లేదు.

డాలస్_సియెన్నా:
అమెరికాలోని ఇర్వింగ్ నుంచి రాస్తున్నా. హైక్రాస్ గురించి అడిగారు కాబట్టి ఇక్కడి అన్నగారి సంగతి కూడా తెలుసుకోండి. టయోటా సియెన్నా 2021 మోడల్ నుంచి హైబ్రిడ్‌గానే వస్తోంది. అందులోనూ నికెల్ బ్యాటరీ ముందు సీట్ల కిందే. మూడో వరుస లేపి ఉన్నా వెనక లోతైన గొయ్యి ఉండడంతో ఇండియా ప్రయాణం సూట్‌కేసులు నిలువుగా దిగిపోతాయి. అమ్మానాన్నలు వచ్చి ఆర్నెల్లు ఉండే ఇళ్లలో దీనికి గిరాకీ అందుకే. లోటు: సీట్లలో ఎయిర్‌బ్యాగులుండడం వల్ల రెండో వరుస ఊడదీయడానికి వీల్లేదు, కాబట్టి ఇల్లు మారేటప్పుడు మంచం, బీరువా పట్టవు.

టయోటాదే మరో హైబ్రిడ్ కారు ప్రియస్ కొంటామని అడిగేవాళ్లకి: 2023లో వచ్చిన కొత్త రూపం చూడ్డానికి అందంగా ఉంది, పైకప్పు కిందికి దిగింది. పెద్దవాళ్లు తల వంచి ఎక్కాలి.

ఇక్కడ పాత ప్రియస్‌లకి చాలామంది ఇంట్లోనే చేసుకునే పని ఒకటుంది. వెనక సీటు పక్కనున్న జాలీ మూత క్లిప్పులు చేత్తో లాగితే ఊడతాయి. లోపల ఫిల్టర్ ఉంటే తీసి, పేరుకున్న దుమ్ముని వ్యాక్యూమ్‌తో పీల్చాలి. నీళ్లతో కడిగితే పూర్తిగా ఆరాకే బిగించాలి. కుక్క ఉన్న ఇల్లయితే ఆరునెలలకోసారి, లేకపోతే ఏడాదికోసారి. ఇండియా దుమ్ముకి ప్రతి సర్వీసులోనూ చూపించండి. జాబ్‌కార్డులో రాయించకపోతే ఎవరూ ముట్టుకోరు.

మెకానిక్_రాజమండ్రి:
ఏసీ గురించి అడిగారు, ఇది చాలామందికి తెలియదు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఏసీ కంప్రెసర్ బెల్టుతో తిరగదు, బ్యాటరీ కరెంటుతో తిరుగుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగినా చల్లదనం తగ్గదు. మైల్డ్ హైబ్రిడ్‌లో ఇంజిన్ ఆగితే కంప్రెసర్ కూడా ఆగిపోతుంది. నిమిషంలో వెచ్చగాలి వస్తుంది. రెండిటి మధ్య క్యాబిన్‌లో తెలిసే పెద్ద తేడా ఇదే.

జాగ్రత్త: ఎలక్ట్రిక్ కంప్రెసర్‌కి పీఓఈ రకం నూనె పోయాలి. రోడ్డు పక్క ఏసీ షాపులో అన్ని కార్లకీ వాడే పీఏజీ నూనె పోస్తే అది కరెంటుని లీక్ చేస్తుంది. ఇన్సులేషన్ లోపం కోడ్ వస్తుంది, బండి రెడీ కాకుండా ఆగిపోవచ్చు, కంప్రెసర్ మార్చాల్సి వస్తుంది. గ్యాస్ నింపే మెషిన్ గొట్టాల్లో మిగిలిన పాత నూనె కొద్దిగా చేరినా చాలు. గ్యాస్ పని హైబ్రిడ్‌కి ప్రత్యేక మెషిన్ ఉన్న చోటే చేయించండి.

టోల్ క్యూలోనూ రైల్వే గేటు దగ్గరా న్యూట్రల్‌లో పెట్టి కూర్చోకండి. న్యూట్రల్‌లో హైబ్రిడ్ బ్యాటరీ ఛార్జ్ అవదు, ఏసీ మాత్రం దాన్ని తింటూనే ఉంటుంది. పార్క్‌లో పెట్టండి, ఇంజిన్ తనంతట తాను వచ్చి పోతుంది.

మీటర్‌లో రెడీ (బండి కదలడానికి సిద్ధం) దీపం వెలగకుండా పాటలు పెట్టుకుని కూర్చుంటే చిన్న 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతుంది. అది దిగితే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి కదలదు. నెల రోజులు ఊరెళ్తుంటే వారానికోసారి ఎవరిచేతైనా రెడీలో పెట్టించి అరగంట ఉంచండి.

ఎలుకలు. సెల్లార్ పార్కింగ్‌లో ప్రసాదం, బిస్కెట్లు, పిల్లల చిప్స్ కారులో వదలొద్దు. నారింజ రంగు హై వోల్టేజ్ తీగ కొరికితే టేపు చుట్టి నడపడం కుదరదు, హార్నెస్ మార్చాలి. వారంటీలో రాదు. ఆ తీగలు మీరు ముట్టుకోనూ వద్దు.

పెట్రోల్‌బిల్లు, ఖమ్మం:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. హైక్రాస్ బండే మారుతి ఇన్విక్టోగా దొరుకుతోంది, వెయిటింగ్ లేదంటున్నారు. దానికి రీసేల్ ఎలా ఉంటుంది? హైబ్రిడ్‌కి టాక్స్ రాయితీ ఏమైనా ఉందా?

పాతకార్లు_కూకట్‌పల్లి:
కొనడం, అమ్మడం నా పని కాబట్టి మార్కెట్ సంగతి నేను చెప్తా.

ముందు టాక్స్. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ మూడు కార్లకీ జీఎస్టీ 40 శాతం. అంతకుముందు సెస్‌తో కలిపి 43 ఉండేది. పూర్తి ఎలక్ట్రిక్‌కి 5 శాతమే. తెలంగాణ 2024 నవంబర్‌లో ఇచ్చిన రోడ్ టాక్స్ మినహాయింపు ఎలక్ట్రిక్ బండ్లకి, హైబ్రిడ్‌కి లైఫ్ టాక్స్ మొత్తం కట్టాలి. ఉత్తరప్రదేశ్ 2024లో స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి రిజిస్ట్రేషన్ టాక్స్ తీసేసింది. వేరే రాష్ట్రంలో తక్కువ ధర చూసి అక్కడి నుంచి తెచ్చుకుందాం అనుకోకండి, ఇక్కడ రీరిజిస్ట్రేషన్‌కి మళ్లీ టాక్స్ పడుతుంది.

ఇన్విక్టో 2023 జులైలో వచ్చింది. బండి తయారయ్యేది టయోటా బిడది ఫ్యాక్టరీలోనే. ఇంజిన్, బ్యాటరీ, క్యాబిన్ కొలతలు ఒకటే. ఒట్టోమాన్ సీట్లు లేవు, చక్రాలు 17 అంగుళాలు. లోపల గొప్పగా తేడా లేకపోయినా అమ్మకాల్లో హైక్రాస్‌కి దరిదాపుల్లో లేదు. మన దగ్గర పెళ్లివారు గానీ కాంట్రాక్టరు గానీ ఇన్నోవా అనే పేరుకి డబ్బు పెడతారు. సెకండ్ హ్యాండ్‌లో ఆ పేరుకే ఫోన్లు వస్తాయి, ఇన్విక్టోకి కొనేవాడిని వెతకాలి. కాబట్టి పదేళ్లు మీరే వాడుకునేట్టయితే ఇన్విక్టో మంచి బేరం, డిస్కౌంటు అడిగి మరీ తీసుకోండి. నాలుగేళ్లకి మార్చే అలవాటుంటే హైక్రాస్ కోసం ఆగండి. 2023 ఏప్రిల్‌లో జెడ్ఎక్స్ బుకింగులే ఆపేశారంటే గిరాకీ ఎంతో మీరే చూడండి.

ట్రావెల్స్ వాళ్లు మాత్రం ఇప్పటికీ డీజిల్ క్రిస్టా వైపే. ఘాట్ రోడ్లు, నిండా మనుషులు, పైన లగేజీ, ఎక్కడైనా రిపేరు. వాళ్ల లెక్కకి హైబ్రిడ్ ఇంకా ఒదగలేదు. ఒక రకంగా మీకది మంచిదే, పాత హైక్రాస్ హైబ్రిడ్‌లో ట్యాక్సీగా అరిగినవి తక్కువ.

హైరైడర్, విటారా మధ్య పాత ధరలో పెద్ద తేడా లేదు. మీ ఊళ్లో ఏ సర్వీస్ సెంటర్ దగ్గరో అది తీసుకోండి. సిటీ హైబ్రిడ్ బండిగా చక్కటిది, కానీ అడిగేవాళ్లు తక్కువ. కొనేవాళ్లకి లాభం, అమ్మేవాళ్లకి నష్టం.

విటారా_వరంగల్:
పాత హైబ్రిడ్ కొనేటప్పుడు బ్యాటరీ ఎలా చూడాలో కూడా రాయండి అన్నా. చాలామంది భయం అదే.

పాతకార్లు_కూకట్‌పల్లి:
భయపడేంత లేదు గానీ చూడాల్సినవి ఉన్నాయి. మూడు కంపెనీలూ హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు వారంటీ ఇస్తున్నాయి. వారంటీ రెండో ఓనరుకి వస్తుందా అన్నది సర్వీస్ రికార్డు చూపించి కంపెనీ షోరూంలోనే రాతపూర్వకంగా అడగండి. బయట సర్వీసు చేయించిన బండయితే ధర తగ్గించి మాట్లాడాలి.

అడ్వాన్సు ఇచ్చే ముందు షోరూంలో డబ్బు కట్టి హైబ్రిడ్ హెల్త్ చెక్ చేయించండి. బ్యాటరీ లోపలి బ్లాకుల వోల్టేజీల్లో ఒకటి మిగతావాటికంటే బాగా దిగి ఉంటే అనుమానించాలి. పీ0ఏ80 కోడ్ ఉంటే ప్యాకే పోతోందని అర్థం. బేరానికి రెండు రోజుల ముందు కోడ్ చెరిపేసినవాళ్లు కూడా ఉంటారు. కాబట్టి స్కాన్‌కి ముందు గంటసేపు ఊళ్లో ఏసీ వేసి నడపండి.

అన్నిటికంటే ముఖ్యం వరద. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. వాటిలో కొన్ని వేరే ఊళ్ల నంబర్ ప్లేట్లతో తిరుగుతున్నాయి. ముందు సీట్ల కింద బ్యాటరీ ఉన్న బండిలో మోకాలి లోతు నీళ్లు వచ్చినా ప్యాక్ తడుస్తుంది. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, బురద చార ఉంటే అక్కడే కనిపిస్తుంది. సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా చూడాలి. డోర్ సిల్ ప్లాస్టిక్ ఊడదీసి కార్పెట్ అడుగున చెయ్యి పెట్టి తడమండి, సన్నటి ఒండ్రు తగిలితే ఆ బండి వదిలేయాలి. విటారాలో డిక్కీ మ్యాట్ లేపి చెమ్మ వాసన చూడండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర పాలసీ నంబరుతో కంపెనీని అడిగితే తెలుస్తుంది.

లెక్కల_మాస్టారు, నెల్లూరు:
ఒక అభ్యంతరం. హైబ్రిడ్‌కి పెట్టిన అదనపు డబ్బు పెట్రోల్ ఆదాతో తిరిగి వస్తుందని బయట చాలామంది అంటున్నారు. విటారానే తీసుకుందాం. స్ట్రాంగ్‌కీ మైల్డ్ ఆటోమేటిక్‌కీ ఆన్‌రోడ్ తేడా రెండున్నర లక్షలు అనుకోండి. ఊళ్లో ఒకటి 21, ఇంకొకటి 13.5 ఇస్తుందనుకుంటే వంద కిలోమీటర్లకి 2.65 లీటర్లు ఆదా. లీటరు 107 లెక్కన 283 రూపాయలు. రెండున్నర లక్షలు రాబట్టడానికి 88 వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకు వెయ్యి తిరిగేవాళ్లకి ఏడేళ్లు దాటుతుంది. హైవే మీదే తిరిగితే ఇంకా ఎక్కువ, ఎందుకంటే బ్రేకు వేసినప్పుడు తిరిగి వచ్చే కరెంటు హైవేలో దాదాపు ఉండదు. కొనాలంటే నిశ్శబ్దం కోసం, ఏసీ కోసం కొనండి. ఆదా కోసం అయితే మీ నెలవారీ కిలోమీటర్లు రాసి లెక్కేయండి.

విటారా_వరంగల్:
మాస్టారూ, లెక్క సరిగ్గానే ఉంది. కాకపోతే అమ్మేటప్పుడు ఆ రెండున్నర లక్షల్లో కొంత తిరిగి వస్తుంది. అది కూడా తీసేస్తే ఏళ్లు తగ్గుతాయి. మూడు సిలిండర్ల ఇంజిన్ నిలబడి ఉన్నప్పుడు స్టార్ట్ అయితే స్టీరింగ్‌లో చిన్న వణుకు తెలుస్తుంది, కాబట్టి పూర్తి నిశ్శబ్దం అనుకుని రావద్దు.

పెట్రోల్‌బిల్లు, ఖమ్మం:
సిటీ వదిలేశాను. విటారాలో ఆరుగురు పట్టరు. హైక్రాస్ వీఎక్స్, జెడ్ఎక్స్ మధ్య ఉన్నాను. టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడమంటారు?

హైక్రాస్_గుంటూరు:
పెద్దవాళ్లిద్దరినీ వెంట తీసుకెళ్లండి. మధ్యాహ్నం రెండింటికి, ఎండలో నిలబెట్టిన డెమో కారే అడగండి. ఏసీ 24లో పెట్టి మూడో వరుసలో మీరు కూర్చోండి, పైకప్పు వెంట్ల గాలి అక్కడికి ఎంతసేపటికి చేరుతుందో చూడండి. ఇద్దరినీ మూడో వరుసలోకి ఒకసారి ఎక్కించి దింపండి. మధ్య దారి నుంచి వెళ్లగలిగితే కెప్టెన్ సీట్లు, లేకపోతే వాళ్లకి రెండో వరుసే ఖాయం చేసుకుని వెనక పిల్లల్ని వేయండి. తర్వాత మీ ఇంటి పెద్ద సూట్‌కేసు మూడో వరుస లేపి ఉండగా డిక్కీలో పెట్టి తలుపు మూసి చూడండి.

వీఎక్స్‌లో దొరకనివి వెంటిలేటెడ్ ముందు సీట్లు, ఒట్టోమాన్. ఖమ్మం ఎండకి మొదటిది డ్రైవర్‌కి నిజంగా పనికొస్తుంది. ఒట్టోమాన్ ఆరుగురు ఉన్న రోజు వాడలేరని ముందే చెప్పాను. మీ ఇంటికి ఎనిమిది సీట్ల వీఎక్స్ చాలు. సీట్ కవర్లు మాత్రం సైడ్ ఎయిర్‌బ్యాగ్ కుట్టు చూపించినవాళ్ల దగ్గరే.

సీట్‌కవర్_బెజవాడ:
వీఎక్స్ తీసుకుంటే మ్యాట్లు కంపెనీవే పెట్టించుకోండి. ఫుల్ మ్యాటింగ్ కావాలనుకుంటే బండి డెలివరీ రోజున హడావిడిగా కాదు, తర్వాత తీరిగ్గా మాన్యువల్‌లో జాలీ బొమ్మ ఉన్న పేజీ తెరిచి పట్టుకుని షాపుకి రండి.